నవల చదివినోళ్ళు, గేమ్ ఆడినోళ్ళు, ఒరిజినల్ చూసినోళ్ళు అందరూ రండి: సిరీస్‌గా తీసేటప్పుడు కథ మార్చొచ్చా?

పాతపుటలు:

ఈ మధ్య వస్తున్న పెద్ద సిరీస్‌ల్లో చాలావరకు ఏదో ఒక నవలనో, గేమ్‌నో, పాత సిరీస్‌నో, యానిమేషన్‌నో పట్టుకుని తీసినవే. రిలీజైన రోజు నుంచీ గొడవ కూడా ఒకటే, బుక్‌లో ఇలా లేదు అని కొందరు, బుక్ వేరు స్క్రీన్ వేరు అని ఇంకొందరు. ఈ రెండు మాటల దగ్గరే ఆగిపోతున్నాం తప్ప అసలు ఎందుకు మార్చారు అని ఎవరూ అడగట్లేదు, నాకు అది అడగాలని ఉంది.

నా మాట ముందే చెప్పేస్తా. మార్చడం తప్పని నేను అనను. కానీ నేను చూసినవాటిల్లో చెడగొట్టిన మార్పులు చాలావరకు ఒకే భయం నుంచి వచ్చాయి, చూసేవాడు ఆగడు, చూసేవాడికి అర్థం కాదు, పక్కన ఫోన్ తీసేస్తాడు అనే భయం.

పర్సీ జాక్సన్ తీసుకోండి. 2010లో వచ్చిన సినిమా రచయిత రిక్ రియోర్డన్‌కే నచ్చలేదు. 2023లో డిస్నీ ప్లస్‌లో వచ్చిన సిరీస్‌కి ఆయనే దగ్గరుండి పనిచేశారు కాబట్టి ఈసారి ఢోకా లేదనుకున్నాం. నవల్లో పర్సీ, అతని ఇద్దరు స్నేహితులు అలిసిపోయి ఆకలేసి ఆంటీ ఎమ్ అనే ఆవిడ దుకాణంలోకి వెళ్తారు. తోట నిండా రాతి బొమ్మలు, ఆ బొమ్మల మొహాల్లో భయం, ఆవిడ మొహం మీద ముసుగు. కడుపునిండా తినిపించి మీకో ఫొటో తీస్తాను కూర్చోండి అంటుంది. చదివే మనకి గుండె దడదడలాడుతుంటుంది, పిల్లలకి మాత్రం ఇంకా తెలీదు, ఆ చాప్టర్ ప్రాణమంతా అక్కడే ఉంది. సిరీస్‌లో ఏమైంది? లోపలికి అడుగు పెట్టకముందే ఆవిడ చూపుతో మనుషుల్ని రాయిగా మార్చే మెడూసా అని తెలిసిపోతుంది. లోటస్ కేసినో దగ్గరా అంతే, అది ఉచ్చు అని వాళ్ళకి ముందే ఐడియా ఉంటుంది. పిల్లలు తెలివైనవాళ్ళని చూపించాలనుకున్నారేమో గానీ ఆ రెండు నిమిషాల టెన్షన్‌ని మనకి దక్కనివ్వలేదు.

దానికి పూర్తిగా ఎదురుగా షోగన్ 2024 ఉంది. 1975 నాటి నవల, 1980లో ఒకసారి మినీ సిరీస్‌గా వచ్చింది, అందులో కథంతా ఇంగ్లీషు నావికుడి వైపు నుంచే నడుస్తుంది, జపనీస్ డైలాగులకి దాదాపు సబ్‌టైటిల్సే ఉండవు. కొత్తదాంట్లో ఎక్కువ భాగం జపనీస్‌లోనే మాట్లాడతారు, మనం చదువుకుంటూ చూడాలి. మరికో అనే ఆవిడ దుబాసీగా కూర్చుని నావికుడి మోటు మాటని మెత్తగా మార్చి దొరకి చెప్తుంది చూడండి, ఆ తేడా గదిలో ఉన్న మిగతావాళ్ళకి తెలీదు, మనకి తెలుస్తుంది. చూసేవాడి మీద అంత నమ్మకం పెట్టి తీశారు. ఒకే సీజన్‌కి 18 ఎమ్మీలు వచ్చాయి, అది రికార్డ్.

మీరేమంటారు?

రిమోట్‌నాదే:

నేను ఈ నవలల్లో ఒక్కటీ చదవలేదు అండి, నాలాంటోళ్ళే ఎక్కువ మంది ఉంటారు, మా వైపు నుంచి కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. బుక్‌తో పోల్చి మార్కులు వేసే పని నాకు లేదు, నా ముందు ఉన్న ఎపిసోడ్ నన్ను కూర్చోబెట్టిందా లేదా అంతే.

మెడూసా సీన్ గురించి మీరన్నదానికి నేను ఒప్పుకోను. నేను ఫస్ట్ టైం చూశాను, నాకు అది సిరీస్ మొత్తంలో నచ్చిన సీన్. రాతి బొమ్మల తోట, తల మీద పాములు, మెడూసా పేరు వినని పిల్లలు ఇప్పుడు ఎవరున్నారు చెప్పండి, ముసుగు వేసుకున్న ఆవిడ కనపడగానే చూసేవాడు ఎలాగూ కనిపెట్టేస్తాడు. అలాంటప్పుడు స్క్రీన్ మీద పిల్లలు మాత్రం కనిపెట్టకపోతే చిరాకొస్తుంది. దానికి బదులు వాళ్ళు ఏం చేశారంటే ఆవిడని కూర్చోబెట్టి మాట్లాడించారు, నేను ఎథీనా దేవతని ఎంత నమ్మాను, నాకు ఏం జరిగింది, తప్పెవరిది శిక్ష ఎవరికి అని ఆవిడ నెమ్మదిగా చెప్తుంటే ఆ ముగ్గురిలో ఉన్న ఎథీనా కూతురు అక్కడే కూర్చుని వినాల్సొస్తుంది. ఇది భయంతో చేసిన మార్పు ఎలా అవుతుంది? ఒకటి వదిలి ఇంకొకటి తీసుకున్నారు.

చదివేచూస్తా:

నేను పాతపుటలు గారికంటే ఇంకా గట్టిగా చెప్తా. మార్చకండి. అంతగా మార్చాలనిపిస్తే మీ సొంత కథ రాసుకోండి, ఎవరొద్దన్నారు.

వీల్ ఆఫ్ టైమ్ 14 నవలలు. నేను చదువుకునే రోజుల నుంచి వాటితో పెరిగా. అందులో పెరిన్ అనే కుర్రాడున్నాడు, కండలు తిరిగిన కమ్మరి, అందుకే ప్రతి కదలికలో జాగ్రత్త పడతాడు, నా చేతి వల్ల ఎవరికైనా దెబ్బ తగులుతుందేమో అని చిన్నప్పట్నుంచీ ఉన్న భయం అది. ఆ మెల్లదనమే ఆ పాత్ర. 2021లో సిరీస్ వచ్చింది, మొదటి ఎపిసోడ్‌లో వాడికి పెళ్ళి చేసేశారు, నవల్లో లేని పెళ్ళాం, లైలా అని పేరు, రాత్రి దాడిలో చీకట్లో గొడ్డలి తిప్పుతూ వాడే ఆమెని చంపేస్తాడు. ఆ ఎపిసోడ్‌లోనే!

ఎందుకు అంటే, వాడి మనసులో ఉన్న భయాన్ని బయటికి కనపడేలా చేయాలని. నవల్లో ఒక మనిషి తన బలాన్ని చూసి తానే భయపడటానికి ఏ కారణం అక్కర్లేదు, సిరీస్‌లో దానికి ఒక శవం కావాల్సొచ్చింది. అక్కడినుంచి వాడు ఎప్పుడు మౌనంగా కూర్చున్నా అది పెరిన్ స్వభావంలా ఉండదు, పెళ్ళాం పోయిన దుఃఖంలా ఉంటుంది. పాత్ర పునాదే మారిపోయింది.

ఇంకో సంగతి, ఈ కంపెనీలు హక్కులు కొనేది కథ కోసం ఒక్కటే కాదు, ఆ పేరు చూసి వచ్చే మా కోసం కూడా. ట్రైలర్‌లో మమ్మల్ని పిలుస్తారు, ఎపిసోడ్ చూసి కోప్పడితే మాత్రం మీరు మరీ ఛాందసులు అంటారు. రిమోట్‌నాదే గారూ, మీరు ఎపిసోడ్ నచ్చిందా లేదా అని చూడటంలో తప్పు లేదు, కానీ మా కోపాన్ని కొట్టిపారేయకండి.

ఎడిటింగ్‌టేబుల్:

నేను ఎడిటింగ్ పనిలో ఉన్నాను, కాబట్టి టేబుల్‌కి అవతలి వైపు నుంచి కొంచెం చెప్తా. ఇక్కడ అందరూ మార్పు అంటే రైటర్ కూర్చుని ఆలోచించి నిర్ణయించాడు అన్నట్టు మాట్లాడుతున్నారు. సగం మార్పులు బడ్జెట్ షీట్ మీద పుడతాయి. 8 ఎపిసోడ్‌లే ఇస్తామంటారు, ఫలానా లొకేషన్ రెండు రోజులే దొరుకుతుందంటారు, ఇద్దరు నటుల డేట్లు కలవవు, అప్పుడు రెండు పాత్రల్ని ఒకటి చేసేస్తారు.

హౌస్ ఆఫ్ ద డ్రాగన్ రెండో సీజన్ సంగతి తెలుసు కదా. ఫైర్ అండ్ బ్లడ్ పుస్తకంలో రాణి హెలీనాకి ముగ్గురు పిల్లలు. హంతకులు గదిలోకి చొరబడి ఇద్దరు కొడుకుల్లో ఎవర్ని చంపమంటావో నువ్వే చెప్పు అంటారు. ఆమె చివరికి చిన్నవాడి పేరు చెప్తుంది, వాళ్ళు పెద్దవాడిని చంపుతారు. నిన్ను చంపమని చెప్పింది మీ అమ్మే అని ఆ చిన్నవాడు వింటాడు, ఆమె ఆ తర్వాత వాడి మొహం చూడలేదు. సిరీస్‌లో చిన్నవాడు మేలర్ అనే పాత్రే లేదు, ఒక బాబు ఒక పాప అంతే, ఇద్దరిలో బాబు ఎవరో చూపించమంటారు, చూపిస్తుంది.

రెండేళ్ళ పిల్లాడితో షూటింగ్ అంటే రోజుకి వాడు సెట్‌లో ఉండగలిగే టైమే చాలా తక్కువ, పైగా సీజన్‌కీ సీజన్‌కీ మధ్య రెండేళ్ళ గ్యాప్‌లో వాడు పెరిగిపోతాడు. ఖర్చు, టైమ్, ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. రచయిత జార్జ్ మార్టిన్ 2024 సెప్టెంబర్‌లో ఒక పోస్ట్ పెట్టారు, మేలర్‌ని తీసేయట్లేదు వాయిదా వేస్తున్నాం అని సిరీస్ వాళ్ళు అన్నారు కాబట్టి నేను మొదట సరే అన్నాను, తర్వాత అసలే లేడని తెలిసింది అని. కాసేపటికే ఆ పోస్ట్ తీసేశారు. అందులో ఆయన చెప్పిన అసలు పాయింట్ ఏంటంటే, చిన్న పాత్రే కదా అని తీసేస్తే తర్వాత ఆ పిల్లాడి చావు పోతుంది, ఆ చావు వల్ల రాణి తీసుకునే నిర్ణయానికి కారణం పోతుంది, అలా ఒకటి లాగితే వరసగా ఊడిపోతూ ఉంటాయి.

నా దృష్టిలో ఇక్కడ ఎవరూ విలన్ కాదు. కానీ ఈ రోజు మిగిలే ఖర్చు కళ్ళకి కనపడుతుంది, రెండు సీజన్ల తర్వాత పడే రంధ్రం ఆ మీటింగ్‌లో ఎవరికీ కనపడదు. పాతపుటలు గారు భయం అంటున్నారు, నేనైతే దూరం చూడకపోవడం అంటాను.

పాతపుటలు:

ఎడిటింగ్‌టేబుల్ గారూ, ఇది చాలా విలువైన సమాచారం. బడ్జెట్ మార్పుల్ని నేను భయం ఖాతాలో వేయను. కానీ ఖర్చుకి ఏ సంబంధం లేకుండా చేసిన మార్పులున్నాయి, వాటి గురించి చెప్తా. ద లాస్ట్ ఆఫ్ అస్ ఒక్కటి చాలు, మంచి మార్పూ చెడ్డ మార్పూ రెండూ అందులోనే ఉన్నాయి, పైగా గేమ్ తీసిన నీల్ డ్రక్‌మన్ రెండు సీజన్లలోనూ ఉన్నాడు, కాబట్టి కొత్తవాళ్ళొచ్చి పాడుచేశారు అనడానికి కూడా లేదు.

మొదటి సీజన్ మూడో ఎపిసోడ్. 2013 గేమ్‌లో బిల్ అనేవాడు ఊరంతా ఉచ్చులు పన్నుకుని ఒంటరిగా బతుకుతుంటాడు, అతని తోడు ఫ్రాంక్ ఉరేసుకుని చనిపోయి కనిపిస్తాడు, నువ్వంటే నాకు అసహ్యం అని ఉత్తరం రాసిపెట్టి మరీ. సిరీస్‌లో అదే ఇద్దరికీ ఒక జీవితం ఇచ్చారు. ఫ్రాంక్ తుపాకీ ఒకటి ఇచ్చేసి విత్తనాలు తెచ్చుకుంటాడు, ఓ రోజు బిల్‌ని తోటలోకి లాక్కెళ్ళి స్ట్రాబెర్రీ పళ్ళు చూపిస్తాడు. ప్రపంచం అంతమయ్యాక తిన్న మొదటి స్ట్రాబెర్రీ, ఆ గడ్డం మనిషి దాన్ని కొరికి ఆనందం ఆపుకోలేక చిన్నపిల్లాడిలా నవ్వుతాడు చూడండి. అసలు కథానాయకులైన జోయెల్, ఎలీలని ఎపిసోడ్‌లో చాలాభాగం పక్కన పెట్టి, యాక్షన్ వదిలేసి, ఇద్దరు మనుషులు కలిసి ముసలివాళ్ళవడం చూపించారు. చూసేవాడు ఆగుతాడని నమ్మారు. ఆగాం.

రెండో సీజన్‌కి వచ్చేసరికి 2020 నాటి రెండో గేమ్‌లో ఉన్న అసలు బలమే తీసేశారు. ఎబీ అనే అమ్మాయి మనం ప్రాణంలా చూసుకున్న జోయెల్‌ని గోల్ఫ్ కర్రతో కొట్టి చంపుతుంది, ఎందుకో మనకి తెలీదు, గంటల తరబడి ఆమె మీద పగతో రగిలిపోతాం, సగం ఆట అయ్యాక సడన్‌గా ఆమెనే మన చేతికిస్తారు, అప్పుడు తెలుస్తుంది ఆమెకి ఏం జరిగిందో. సిరీస్‌లో సీజన్ మొదలవడమే ఆమె సమాధుల దగ్గర నిలబడి, అతన్ని చంపుతాను అనే సీన్‌తో. చంపే ముందు కారణం కూడా విడమర్చి చెప్తుంది. ఇక మనం మనస్ఫూర్తిగా ద్వేషించేదెప్పుడు, ద్వేషించినందుకు మనసు నొచ్చుకునేదెప్పుడు?

గేమ్‌ప్యాడ్:

రెండు గేమ్‌లూ పూర్తి చేసినవాడిని, ఇక్కడ మీతో గట్టిగా విభేదిస్తున్నా.

గేమ్‌లో ఆ ట్రిక్ పనిచేసింది ఎందుకంటే కంట్రోలర్ మన చేతిలో ఉంది కాబట్టి. నాకు ఇష్టం లేకపోయినా ఎబీగా నడవాలి, ఎబీగా పారిపోవాలి, ఆమె చనిపోతే నేను ఓడిపోయినట్టు. పది గంటలు ఆమె బూట్లలో ఉంటే ఒంట్లోకి ఆమె ఎక్కుతుంది. సిరీస్‌లో ఆ సౌకర్యం లేదు, నేను సోఫాలో కూర్చుని చూస్తున్నానంతే. చేతిలో కంట్రోలర్ లేనివాడికి ఆమె మీద కాస్తయినా ఆసక్తి పుట్టాలంటే ఆమె ఎవరో ముందే ఒక మాట చెప్పాలి.

రెండోది టైమ్. గేమ్ అయితే వారంలో కారణం తెలిసిపోతుంది. ఇక్కడ ఆ కథని ఒకటి కంటే ఎక్కువ సీజన్లుగా కోశారు, 2025లో 7 ఎపిసోడ్‌లు, ఎబీ వైపు కథ ఆ తర్వాతి సీజన్‌కి. ఆమె ఎందుకు చంపిందో రెండేళ్ళపాటు దాచిపెట్టి ఉంచగలరా? గేమ్ 2020 నుంచి బయట ఉంది, వెతికితే ఒక్క నిమిషంలో దొరుకుతుంది. దాగని రహస్యాన్ని పట్టుకుని వేలాడే బదులు దాన్ని వాళ్ళే చెప్పేసి, తెలిసాక కూడా క్షమించగలవా అనే ప్రశ్న మన ముందు పెట్టారు. నేనైతే దీన్ని ధైర్యం అంటాను.

మీరు చెప్పాల్సిన అసలు తప్పు వేరే ఉంది, ఎలీ పాత్ర. గేమ్‌లో ఆ అమ్మాయి పగతో కుళ్ళిపోతుంటుంది, సిరీస్‌లో మధ్యమధ్యలో ఆ కసి మాయమైపోయి ట్రిప్‌కి వెళ్ళినట్టు ఉంటుంది. ఆర్డర్ మార్చడం కాదు, ఆ బరువు తగ్గించడం నన్ను బాధపెట్టింది.

పాతపుటలు:

ఎలీ గురించి మీరన్నది నిజం, నేను రాయాల్సింది. రహస్యం దాగదు అనే పాయింట్ మాత్రం ఒప్పుకోను. నెట్‌లో వెతికేవాడు ఎలాగూ వెతుకుతాడు, వెతకనివాడు ఏం పాపం చేశాడు? గేమ్ ఆఫ్ థ్రోన్స్ మొదటి సీజన్ 2011లో వచ్చేటప్పటికి పుస్తకం వచ్చి దాదాపు 15 ఏళ్ళు అయింది, నెడ్ స్టార్క్ తల పోతుందని లక్షలమంది చదివేసి ఉన్నారు, అయినా దాచారు, తెలియనివాళ్ళు ఆ రోజు టీవీ ముందు కొయ్యబారిపోయారు. ఆ కొయ్యబారడం వాళ్ళ హక్కు.

సబ్‌టైటిల్‌ప్రియ:

నవలలు గేమ్‌లు సరే, రీమేక్‌ల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నాకు అన్నిటికంటే మంట అదే. ఒరిజినల్ ఒక క్లిక్‌లో దొరుకుతుంది, సబ్‌టైటిల్స్ ఉన్నాయి, డబ్బింగ్ కూడా ఉంది, మళ్ళీ అదే సీన్ అదే డైలాగ్ వేరే మొహాలతో ఎందుకు?

అయితే రీమేక్‌లన్నీ దండగ అని కూడా అనను. ద బ్రిడ్జ్ చూడండి. 2011లో వచ్చిన అసలుది డెన్మార్క్, స్వీడన్ వాళ్ళు కలిసి తీసింది. రెండు దేశాల మధ్య ఉన్న వంతెన మీద సరిగ్గా సరిహద్దు గీత దగ్గర శవం, పోలీసులు ఎత్తితే అది రెండు వేర్వేరు శవాల సగాలు, కేసు ఎవరిది? 2013లో బ్రిటన్, ఫ్రాన్స్ వాళ్ళు దాన్నే సముద్రం కింద సొరంగంలోకి తీసుకెళ్ళారు, అదే ఏడాది అమెరికావాళ్ళు మెక్సికో సరిహద్దు వంతెన మీద పెట్టారు. అక్కడికొచ్చేసరికి ప్రశ్న మారిపోయింది, గీతకి ఇటువైపు ఒక్క జడ్జి చనిపోతే అంత హడావుడి, అటువైపు వందల మంది అమ్మాయిలు మాయమైపోయినా ఎవరికీ పట్టదు ఎందుకని. కథ అదే, చోటు మారగానే దానికి కొత్త పని దొరికింది. రీమేక్ అంటే అలా ఉండాలి.

ద ఆఫీస్ కూడా అంతే. అమెరికన్ వెర్షన్ 2005లో మొదటి ఎపిసోడ్‌ని బ్రిటిష్ స్క్రిప్ట్ పక్కన పెట్టుకుని దాదాపు దింపేశారు, చూస్తుంటే ప్రాణం లేదు. రెండో సీజన్ నుంచి ఆ మేనేజర్‌ని వాళ్ళ మనిషిగా మార్చుకున్నారు, కొంచెం జాలి కలిపారు, 2013 దాకా 201 ఎపిసోడ్‌లు నడిచింది. బ్రిటిష్‌ది 12 ఎపిసోడ్‌లు, ఒక క్రిస్మస్ స్పెషల్, అంతే. ఇప్పుడు చెప్పండి, నమ్మకంగా దింపిన ఎపిసోడ్ గొప్పదా, మార్చిన సీజన్లా?

అందుకే 2025లో హిందీ సిరీస్ పంచాయత్‌ని సివరపల్లి పేరుతో తెలుగులో తీసినప్పుడు నాకు బాధేసింది. నటులు బాగా చేశారు, రాగ్ మయూర్ అయితే చాలా సహజంగా చేశాడు, వాళ్ళని ఏమీ అనను. కానీ హిందీలో నవ్విన చోటే మళ్ళీ నవ్వించబోయారు, ఊరు మారింది గానీ ఊరి కథ మారలేదు. ఊరి పంచాయతీ ఆఫీసులో పనిచేసేవాళ్ళని పిలిచి కూర్చోబెట్టి వారం రోజులు మాట్లాడించినా పది కొత్త ఎపిసోడ్‌లు వచ్చేవి.

రిమోట్‌నాదే:

మా నాన్నకి హిందీ రాదు, సబ్‌టైటిల్స్ చదువుతూ చూడటం ఆయన వల్ల కాదు, డబ్బింగ్ పెడితే పెదాలకి మాటలకి కుదరట్లేదని లేచి వెళ్ళిపోతారు. సివరపల్లి మొత్తం కూర్చుని చూశారు. సీన్ టు సీన్ అయినా ఆయనకి అది మొదటిసారే. రీమేక్ అవసరమా అని అడిగేది ఒరిజినల్ చూసేసిన మనమే, దాన్ని చూడలేనివాళ్ళు ఎప్పుడూ అడగరు.

తెరవెనక:

మార్చకండి అన్న చదివేచూస్తా గారికి ఒక ప్రశ్న. 1957 మాయాబజార్ ఇష్టమేనా? శశిరేఖ కథ వ్యాసభారతంలో ఎక్కడుందో చూపించండి. ఘటోత్కచుడు ఉన్నాడు, అభిమన్యుడు ఉన్నాడు, బలరాముడు ఉన్నాడు, శశిరేఖ లేదు, ఆ పెళ్ళీ లేదు. జనం నోట్లో నాటకాల్లో పెరిగిన కథ అది. సినిమా అంతా పాండవుల ఊసే తప్ప పాండవులు కనపడరు, అదీ మార్పే. కల్పించినదని తెలిసినా మనకి ఘటోత్కచుడు అంటే మొదట గుర్తొచ్చేది ఆ పెళ్ళి భోజనమే.

తిక్కనగారు భారతం తెలుగులో రాసేటప్పుడు పక్కన సంస్కృతం పెట్టుకుని లైన్ టు లైన్ దింపలేదు, కొన్ని చోట్ల తగ్గించారు, విరాటపర్వంలో మనుషుల మాటల్ని మన ఇంట్లో మాట్లాడుకున్నట్టు పెంచారు. మార్చడం మన సంప్రదాయంలోనే ఉంది. బీబీసీ వాళ్ళు 1995లో ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ తీస్తే అందరికీ గుర్తుండిపోయింది హీరో చెరువులో దూకి తడిబట్టలతో వచ్చే సీన్, అది నవల్లో లేదు.

చదివేచూస్తా:

మాయాబజార్ ఎవరికి ఇష్టం ఉండదండి. కానీ పోలిక కుదరదు. భారతం వెయ్యేళ్ళుగా లక్షమంది నోళ్ళలో నానింది, ఒకరు మార్చినా ఇంకో వంద రూపాలు పక్కనే బతికే ఉంటాయి. ఆ సినిమా వచ్చినందువల్ల భారతానికి వచ్చిన నష్టం లేదు. ఈ రోజు ఒక నవల సిరీస్ అయ్యిందంటే హక్కులు ఒక్క కంపెనీ చేతిలో ఉంటాయి, వాళ్ళు పాడు చేస్తే మళ్ళీ తీసేవాడు రావడానికి పదేళ్ళో ఇరవయ్యేళ్ళో పడుతుంది. అవతార్ ద లాస్ట్ ఎయిర్‌బెండర్ అనే యానిమేషన్ సిరీస్ చూడండి, 2010లో సినిమాగా తీసి చెడగొట్టారు, నెట్‌ఫ్లిక్స్ సిరీస్ వచ్చేసరికి 2024. అది కూడా, ఒరిజినల్ సృష్టించిన ఇద్దరూ 2020లోనే తప్పుకున్నారు. 20 ఎపిసోడ్‌ల మొదటి సీజన్‌ని 8కి కుదించి, కథలో జరగాల్సినవి మాటల్లో చెప్పించేశారు. పిల్లలు నిలబడి నాకు ఇలా అనిపిస్తోంది నేను ఇలా మారాను అని చెప్పుకుంటూ ఉంటారు.

అందులో సోకా అనే కుర్రాడి విషయం మరీ బాధ. ఒరిజినల్‌లో మొదట్లో వాడికి ఆడపిల్లలంటే చులకన, క్యోషి ద్వీపంలో సుకీ చేతిలో ఓడిపోయి, ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని నేర్పించమని అడుగుతాడు. కొత్తదాంట్లో ఆ చులకనే తగ్గించేశారు, ఈ కాలానికి బాగోదని. చులకన లేకపోతే ఆ మోకాలు ఎందుకు వంగాలి?

పాతపుటలు:

చదివేచూస్తా గారూ, మీరు నా మాటే చెప్తున్నారు. సోకా తప్పుగా మాట్లాడితే చూసే పిల్లలు అదే నేర్చుకుంటారేమో అనే భయం. తప్పు చేసి మారిన మనిషిని చూసి అర్థం చేసుకోలేరా పిల్లలు? 2005లో చూసిన పిల్లలకి అర్థమైంది కదా.

అయితే ఉన్నదున్నట్టు తీస్తే చాలు అనేదానికి ఒక ఇబ్బంది ఉంది. వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్ నవల సిరీస్‌గా 2024 డిసెంబర్‌లో మొదటి భాగం వచ్చింది. రచయిత మార్క్వెజ్ బతికుండగా దాని సినిమా హక్కులు ఎవరికీ ఇవ్వలేదు, ఆయన పోయాక కొడుకులు ఇచ్చారు, స్పానిష్‌లోనే తీశారు, కొలంబియాలోనే తీశారు. ఎంత శ్రద్ధో ప్రతి ఫ్రేమ్‌లో కనపడుతుంది. కానీ నవల్లో కాలం ముందుకీ వెనక్కీ ఊగుతుంది, మొదటి వాక్యంలోనే ఎప్పుడో తుపాకులు ఎక్కుపెట్టిన సైనికుల ముందు నిలబడబోయే క్షణం, అక్కడి నుంచి మంచు ముక్క చూసిన చిన్నతనం. సిరీస్‌లో దాన్ని చాలావరకు వరసగా పేర్చారు, తల్లిదండ్రులు, కొడుకులు, యుద్ధం అలా. సంఘటనల్ని పెద్దగా మార్చలేదు, అయినా ఆ ఊపు పోయింది. పోయిందని వాళ్ళకీ తెలుసు కాబట్టే వెనకనుంచి నవల వాక్యాలు చదివిస్తూ ఉంటారు.

సబ్‌టైటిల్‌ప్రియ:

దీనికి సరిగ్గా సరిపోయేది త్రీ బాడీ ప్రాబ్లమ్ అనే చైనీస్ నవల. రెండు వెర్షన్లూ చూసినవాళ్ళు ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా? 2023లో చైనా టెన్సెంట్ వాళ్ళది 30 ఎపిసోడ్‌లు, 2024లో నెట్‌ఫ్లిక్స్‌ది 8. చైనాదాంట్లో సైంటిస్ట్ వాంగ్ మియావో ఒక్కడే, నవల్లో ఉన్నట్టే. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు ఆ ఒక్కడినీ కోసి ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ఐదుగురు స్నేహితులుగా పంచేశారు, కథని చైనా నుంచి చాలావరకు ఇంగ్లండ్‌కి తెచ్చేశారు. విశ్వాసంగా తీసింది ఎవరు అంటే ఎవరైనా చైనావాళ్ళే అంటారు.

కానీ కథకి తల్లివేరు చైనా సాంస్కృతిక విప్లవంలో తండ్రిని గుంపు ముందు కొట్టి చంపడం, కూతురు యే వెన్‌జియే గుంపులో నిలబడి చూడటం. మనిషి మీద ఆమెకి నమ్మకం పోయింది అక్కడే. నెట్‌ఫ్లిక్స్‌ది సరిగ్గా ఆ సీన్‌తోనే మొదలవుతుంది, 1966, మెడలో పలక, నెత్తిన టోపీ, అరుపులు. చైనా సిరీస్ 30 ఎపిసోడ్‌లు తీసి కూడా ఆ హింసని పైపైన దాటేసింది. అసలు పుస్తకంలోనే 2008 చైనీస్ ఎడిషన్‌లో ఆ భాగం మధ్యలోకి వెళ్ళిపోయింది, 2014 ఇంగ్లీష్ అనువాదంలో మళ్ళీ ముందుకొచ్చింది. ఒరిజినల్ ప్రకారం తీయండి అంటే ఏ ఎడిషన్ ప్రకారం?

ఇంకొకటి. పనామా కాలువలో ఓడని కంటికి కనపడని నానో దారాలతో ముక్కలు చేసే సీన్ రెండిట్లోనూ ఉంది. నెట్‌ఫ్లిక్స్‌వాళ్ళు ఓడలో పిల్లలు ఆడుకుంటుండడం ముందే చూపిస్తారు, ఆ దారం కనిపెట్టిన అమ్మాయి తర్వాత ఆ శిథిలాల మధ్య నడుస్తుంది. ఇది వాళ్ళు కలిపినది. దానివల్ల ఆ సీన్ అబ్బ ఏం గ్రాఫిక్స్ అనుకుని మర్చిపోయేలా లేదు.

ఎడిటింగ్‌టేబుల్:

నిదానంగా తీయడం గురించి ఒక ముక్క. రిప్లీ 2024 చూడండి, 1955 నవల, 8 ఎపిసోడ్‌లు, నలుపు తెలుపు. ఒక హత్య అయ్యాక శవాన్ని మెట్ల మీదుగా దించడం, నేల మీద రక్తం తుడవడం, మళ్ళీ వెనక్కొచ్చి ఇంకో చుక్క కనపడితే అదీ తుడవడం, అదంతా ఒక ఎపిసోడ్‌లో పెద్ద భాగం. నవల్లో దానికి అంత చోటు లేదు. మా ఫీల్డ్‌లో మొదట కత్తిరించేది ఇలాంటివే. డైరెక్టర్ స్టీవెన్ జెయిలియన్ కత్తిరించలేదు. హత్య చేయడం ఎంత శ్రమో, ఆ శ్రమని ఎవరూ చూడలేదు కాబట్టి వాడు ఎలా తప్పించుకుంటున్నాడో మనకి ఒళ్ళు నొప్పి పుట్టేలా తెలుస్తుంది. ఇన్ని నిమిషాలు ఉంచుతాను అని పట్టుబట్టగల మనిషి ఉంటే చాలు, అది నవల్లో ఉందా లేదా అనేది నాకు తర్వాతి మాట.

చదివేచూస్తా:

ఇక్కడ అందరూ మార్చి గెలిచినవే చెప్తున్నారు కాబట్టి మార్చకుండా గెలిచినది ఒకటి చెప్తా, అదీ నేను తిట్టిన సిరీస్‌లోనే. వీల్ ఆఫ్ టైమ్ మూడో సీజన్, నాలుగో ఎపిసోడ్. హీరో రాండ్ గాజు స్తంభాల మధ్య నడుస్తుంటే తన వంశంలో ఒక్కొక్క తరం కళ్ళతో చరిత్ర చూస్తాడు, అదీ వెనక్కి. ముందు ఒక పూర్వీకుడు కనిపిస్తాడు, తర్వాత అతనికంటే ముందువాడు, అలా వెళ్తూ వెళ్తూ కత్తి పట్టిన జాతి ఒకప్పుడు చీమకి కూడా హాని చేయబోమని ఒట్టు పెట్టుకున్నవాళ్ళు అని తెలుస్తుంది. 1992లో వచ్చిన నాలుగో నవల్లో ఇది చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చుండిపోయా. దీన్ని టీవీలో తీయలేరు అనుకునేవాణ్ణి. వరస మార్చలేదు, వెనక్కే నడిపించారు, ప్రతి తరం మనిషినీ రాండ్ వేసిన నటుడితోనే వేయించారు. ఎవరూ పక్కన నిలబడి వివరించరు. 2025 మేలో సిరీస్ ఆపేశారు, 14 పుస్తకాల కథ మూడు సీజన్ల దగ్గర. మొదటి ఎపిసోడ్‌లో ఆ పెళ్ళాన్ని కల్పించడానికి పెట్టిన తెలివి ఇలా ఉన్నది నమ్మడానికి పెట్టుంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

రిమోట్‌నాదే:

ఆ ఎపిసోడ్ నేను చూశాను. పుస్తకం ముట్టుకోలేదు, ఆ జాతి పేరు కూడా సరిగ్గా పలకలేను. మొదటి రెండు తరాల దగ్గర ఏం జరుగుతుందో తెలీక రిమోట్ పట్టుకున్నా, మూడోసారి అదే మొహం వేరే బట్టల్లో కనపడేసరికి ఓహో వెనక్కెళ్తున్నాం అని అర్థమైంది, పట్టుకున్న రిమోట్ పక్కన పెట్టేశా. ఇక్కడ చాలామంది మాలాంటోళ్ళకి అర్థం కాదని కుదించారు, మాలాంటోళ్ళ కోసం ముందే చెప్పేశారు అని రాశారు. మేం అడగలేదండి అలా చేయమని.